కార్డు తర్వాత, ముందు తెర సంగతి

కొత్తగా గేమింగ్ కంప్యూటర్ అసెంబుల్ చేయించుకుంటున్నారట, సంతోషం. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో ఆ మంచుకొండల్ని ఒక్కసారైనా పూర్తి నాణ్యతతో చూడాలనిపించిందో, పాత కంప్యూటర్ మీద ఆట నత్తనడక నడిచి విసుగొచ్చిందో, మొత్తానికి కొంత డబ్బు కూడబెట్టారు. ఇక అందరూ అడిగేదే మీరూ అడుగుతారు: "ఏ గ్రాఫిక్స్ కార్డు కొనమంటారండీ?"

నేనైతే ముందు "ఏ మానిటర్ మీద చూస్తారు?" అని అడుగుతాను. మాట దాటెయ్యడానికి కాదు. కార్డు పడే కష్టమంతా మీ కంటికి చేరేది ఆ తెర మీదుగానే. బావిలో నీళ్లెన్ని ఉన్నా చేద పట్టినంతే కదా పైకొచ్చేది. కార్డు సెకనుకు 150 బొమ్మలు గీసి పంపుతున్నా, మానిటర్ 60 హెర్ట్జ్‌దైతే అది మార్చి చూపగలిగేది సెకనుకు 60 సార్లే. పైగా కార్డులు మూడు నాలుగేళ్లకోసారి మారతాయి. మంచి మానిటర్ అలా కాదు, రెండు కార్డులు మారినా బల్ల మీద తన చోటు తనకే ఉంటుంది. అందుకే ముందు దాని సంగతి తేల్చుకోమంటాను.

చిన్న లెక్క ఒకటి వేద్దాం, విసుక్కోకండి. ఫుల్ హెచ్‌డీ తెరంటే అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080. గుణిస్తే 20,73,600. అదే 1440పీ తెర మీద 36,86,400 చుక్కలు. 4కే అంటే 82,94,400, అంటే ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగింతలు. ప్రతి బొమ్మలోనూ ఇన్ని చుక్కలకు ఏ రంగు వెయ్యాలో కార్డే తేల్చాలి. సెకనుకు 60 బొమ్మలు కావాలంటే ఒక్కో బొమ్మకు దానికి దొరికేది 16.7 మిల్లీసెకన్లు. 144 కావాలంటే ఏడు మిల్లీసెకన్లు కూడా మిగలవు. అంటే కార్డు నెత్తిన ఎంత పని పడుతుందన్నది మీరు మానిటర్ కొన్న రోజే చాలావరకు ఖాయమైపోతుంది.

మా మేనకోడలు ఈ లెక్క విని, "అయితే మామయ్యా, 4కే కొనేస్తే ఎప్పటికీ మార్చక్కర్లేదుగా?" అంది. "నువ్వు ఎక్కువగా ఆడేదేంటమ్మా?" అన్నాను. "వాలరెంట్." వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి ఆటల్లో చుక్కల కన్నా వేగం ముఖ్యం. వాటి భారం కూడా కార్డు మీద కన్నా ప్రాసెసర్ మీదే ఎక్కువ పడుతుంది. ఆ పిల్లకు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 240 హెర్ట్జ్ మానిటర్ చాలు. మధ్యరకం కార్డు పెట్టి, మిగిలిన డబ్బు ప్రాసెసర్‌కు మళ్లిస్తే ఆట మెరుగవుతుంది. అదే సైబర్‌పంక్ 2077 లాగా ఊళ్లూ వీధులూ నింపాదిగా తిరిగి చూసే ఆటలైతే లెక్క తిరగబడుతుంది. అక్కడ సెకనుకు 240 బొమ్మలు అక్కర్లేదు, బొమ్మలో వివరం కావాలి.

ఈ రెండూ కాస్త కాస్త ఆడేవాళ్లే ఎక్కువ. వాళ్లందరికీ నేను నమ్మకంగా చెప్పేది 27 అంగుళాలు, 1440పీ, 144 నుంచి 180 హెర్ట్జ్ మధ్య, ఐపీఎస్ రకం ప్యానెల్. 27 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీ తీసుకుంటే అంగుళానికి 82 చుక్కలే పడతాయి, అక్షరాల అంచులు పలుకులు పలుకులుగా కనిపిస్తాయి. 1440పీ అయితే 109. ఆటల పిల్లలు పగలంతా అదే తెర మీద కోడింగ్ చేస్తారు, తెలుగు చదువుతారు. మన ఒత్తులూ గుణింతాలూ స్పష్టంగా కనపడాలంటే ఈ తేడా నిజంగా పనికొస్తుంది.

వీఏ అనే ఇంకో రకం ప్యానెల్‌లో నలుపు బాగుంటుంది గానీ, చవక రకాల్లో చీకటి దృశ్యాలు కదిలినప్పుడు వెనకాల మసక తోక లాగుతుంది. ఓఎల్ఈడీ అందానికి సాటి లేదు, నేను కాదనను. అయితే రోజూ ఎనిమిది గంటలు కదలకుండా ఒకే టాస్క్‌బార్, ఒకే ఎక్సెల్ షీటు పెట్టుకుని కూర్చునేవాళ్లకు తెర మీద మచ్చ స్థిరపడే ప్రమాదముంది. ఆటలకూ సినిమాలకూ మాత్రమే వాడేవాళ్లు నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

మానిటర్లో నేను అస్సలు వదులుకోవద్దనేది ఇంకొకటి ఉంది. తెర బొమ్మను పైనుంచి కిందికి వరస వరసగా గీస్తుంది. అది సగంలో ఉండగా కార్డు కొత్త బొమ్మ పంపితే, పై సగం పాతదీ కింది సగం కొత్తదీ అయి బొమ్మ అడ్డంగా చీలినట్టు కనిపిస్తుంది. మానిటర్ తన వేగాన్ని కార్డు వేగానికి తగ్గట్టు క్షణక్షణం మార్చుకుంటే ఈ చీలిక ఉండదు. కార్డుల కంపెనీ ఎన్విడియా ఈ పద్ధతిని 2013లో జీసింక్ పేరుతో ప్రకటించింది. దానికోసం మానిటర్లో ప్రత్యేకమైన పరికరం పెట్టాల్సి వచ్చేది, ఆ ఖర్చు కొనేవాడి మీదే పడేది. దాని పోటీదారు ఏఎండీ వాళ్ల ఫ్రీసింక్ మానిటర్లు 2015లో వచ్చాయి, వాటికి ఆ పరికరం అక్కర్లేదు. 2019 జనవరిలో ఎన్విడియా కూడా అలాంటి మానిటర్లకు తన కార్డుల తలుపు తెరిచింది. సామాన్యుడికి ఇంత మేలు చేసిన మార్పులు ఈ రంగంలో తక్కువే అంటాను. ఇవాళ సాధారణ ధర మానిటర్లో కూడా ఈ సదుపాయం దొరుకుతోంది. సెకనుకు 60 నుంచి 90 మధ్య బొమ్మలు ఊగుతున్నా ఆట సాఫీగా అనిపిస్తుంది కాబట్టి, మరీ ఖరీదైన కార్డు కొనాల్సిన అవసరమూ తగ్గుతుంది.

సరే, ఇక కార్డు దగ్గరికొద్దాం. ఇక్కడ నాకు బాధ కలిగించేది ఒకే పేరుతో రెండు సరుకులు అమ్మడం. 2025లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐలో 8 జీబీదీ ఉంది, 16 జీబీదీ ఉంది. ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ కూడా అంతే. ప్రకటించిన ధరల్లో తేడా రెండింటికీ 50 డాలర్లే. కార్డు మెమరీ నిండిపోతే ఆటలోని గోడల రంగులూ మనుషుల ముఖాలూ కంప్యూటర్ ర్యామ్‌లోంచి మాటిమాటికీ తెచ్చుకోవాల్సి వస్తుంది. ఆ దారి కార్డు సొంత మెమరీ కన్నా ఎన్నో రెట్లు నెమ్మది. అందుకే సగటు వేగం బాగానే ఉన్నట్టు కనపడినా, మలుపు తిరిగిన ప్రతిసారీ ఆట గుక్క తిప్పుకోలేక ఆగుతుంది. 1440పీ మానిటర్ కొనేవాళ్లు 8 జీబీ కార్డు జోలికి వెళ్లొద్దని గట్టిగా చెబుతాను. 16 జీబీ 9060 ఎక్స్‌టీ గానీ, అదే మెమరీ ఉన్న 5060 టీఐ గానీ ఆ మానిటర్‌కు చక్కని జోడీ. చేతిలో డబ్బు మరీ బిగువుగా ఉంటే ఇంటెల్ ఆర్క్ బీ580 ఉంది, 12 జీబీ. 2024 డిసెంబరులో 249 డాలర్లకు వచ్చింది. దాన్ని కొత్తరకం ప్రాసెసర్ పక్కన పెడితేనే న్యాయం జరుగుతుంది.

డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ అనే మాటలు వినే ఉంటారు. తక్కువ చుక్కలతో బొమ్మ గీసి, తెలివిగా పెద్దది చేసే పద్ధతులివి. నిస్సంకోచంగా వాడుకోండి, ఇప్పుడు చాలా బాగా పనిచేస్తున్నాయి. రెండు బొమ్మల మధ్య ఇంకో బొమ్మను ఊహించి చొప్పించే ఫ్రేమ్ జనరేషన్ వేరు. దాంతో తెర మీద అంకె పెరుగుతుంది గానీ మౌస్ కదిపాక ఆట స్పందించే వేగం పెరగదు. పెట్టె మీద ముద్రించిన పెద్ద అంకెలు చూసేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

పాత కార్డు చవగ్గా వస్తోందని ఎవరైనా చెబితే ఆశపడేముందు ఒక్క విషయం చూడండి. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆటకు, రే ట్రేసింగ్ (వెలుగు దారిని లెక్కగట్టి బొమ్మ గీసే పద్ధతి) చేయగల కార్డు కనీస అవసరం. జీటీఎక్స్ 1660 లాంటి కార్డులు ఎంత చక్కగా పనిచేస్తున్నా ఆ గడప దాటలేవు.

మన ఎండల సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. కార్డు తిన్న కరెంటంతా చివరికి వేడిగా మారి మీ గదిలోకే వస్తుంది. ఆర్‌టీఎక్స్ 5060 నిండు పనిలో 145 వాట్లు తీసుకుంటుంది, ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ 304. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో తలుపులేసిన గదిలో ఈ రెండింటి తేడా ఒంటికి తెలుస్తుంది. యూపీఎస్ కూడా చూసుకోండి. 600 వీఏ రకాలు సాధారణంగా 360 వాట్లే ఇస్తాయి. పెద్ద కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిసి నిండుగా పనిచేస్తుండగా కరెంటు పోతే అది ఆ బరువు మొయ్యలేదు. పవర్ సప్లై విషయంలో పొదుపు చెయ్యకండి, పేరున్న కంపెనీదే పెట్టించండి.

అమెరికాలో ఉన్న అన్నయ్య సూట్‌కేసులో కార్డు తెప్పించుకునే ఆలోచన మన ఇళ్లల్లో మామూలే. తెప్పించుకోవచ్చు, అయితే ఆ కంపెనీ వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి. మానిటర్ మాత్రం ఇక్కడే కొనండి. పెద్ద తెర కావాలన్నా పన్ను తగ్గింది, 32 అంగుళాలు దాటిన మానిటర్ల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి దిగింది. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లయితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు ఒకసారి వెళ్లండి, సీటీసీ అంటే ఎవరైనా చూపిస్తారు. డబ్బులిచ్చే ముందు మానిటర్ ఆన్ చేయించి, తెరంతా నలుపు, తెలుపు, ఎరుపు వరసగా పెట్టించి చచ్చిన చుక్కలేమైనా ఉన్నాయేమో చూడండి. బిల్లు మీద కార్డు సీరియల్ నంబరు రాయించుకోండి.

ఇంటికొచ్చాక కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాదు, కార్డుకే తగిలించండి, వీలైతే డిస్‌ప్లేపోర్ట్‌తో. తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి రిఫ్రెష్ రేటు చూడండి. చాలాసార్లు అది 60 దగ్గరే ఉండిపోతుంది, మీరే 165కో 180కో మార్చాలి. అన్నట్టు, షాపుకు బయల్దేరే ముందే మీ బల్ల లోతెంతో టేపు పెట్టి కొలుచుకోండి. రెండడుగుల లోపైతే 27 అంగుళాల తెర ముక్కుమీదికొచ్చినట్టుంటుంది, అప్పుడు 24 అంగుళాలదే తీసుకుని కార్డు కూడా ఒక మెట్టు దించుకోవచ్చు.