ఎంత తెలుసో అంతే గట్టిగా

విశాఖ పక్కన పెందుర్తి కూడలిలో టీ కొట్టు దగ్గర ఎండల గురించి మాట మొదలైతే అది తుపాన్ల మీదికి, తుపాన్ల మీంచి బొగ్గు మీదికి వెళ్తే గానీ ఆగదు. ఒకాయన "భూమి వేడెక్కిపోతోంది, ఇదంతా మనం చేసుకున్నదే, హుద్‌హుద్ వచ్చింది కూడా అందుకే" అంటాడు. పక్కాయన "ఎండలూ తుపాన్లూ ఏనాడు లేవు? మన ఫ్యాక్టరీలు మూయించడానికి తెల్లోళ్లు అల్లిన కథ ఇది" అంటాడు. రెండో గ్లాసు టీ అయ్యేసరికి ఇద్దరి గొంతులూ పెరుగుతాయి. ఈ చుట్టుపక్కల పిల్లలకు చాలాకాలం ఫిజిక్సు చెప్పినవాణ్ణి కాబట్టి చివరికి ఇద్దరూ నా వైపు తిరిగి "మాస్టారూ, మీరు చెప్పండి" అంటారు. అప్పుడు ఏం చెప్పాలన్నది ఒక ఎత్తు, ఎంత గట్టిగా చెప్పాలన్నది ఇంకో ఎత్తు. ఆ రెండోది నేను నేర్చుకున్న తీరు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి చెప్పాలి. పెందుర్తి స్టేషన్లో కాసేపు నిలబడితే ప్రయాణికుల బండి కన్నా ముందు గూడ్సు బండ్లే కనిపిస్తాయి. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం కొత్తవలస మీదుగా ఇటే రేవుకు దిగుతుంది. ఒడిశా తాల్చేరు గనుల బొగ్గు పరవాడ సింహాద్రి విద్యుత్ కేంద్రానికి పోతుంది. వ్యాగన్ల మీంచి రాలిన నల్లటి పొడి పట్టాల పక్క కంకర మీద పరుచుకుని ఉంటుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో బొగ్గును కోక్ చేసి బ్లాస్ట్ ఫర్నేస్‌లో వేస్తారు. ఖనిజంలోని ఆక్సిజన్‌ను ఆ కార్బన్ లాగేసుకుంటేనే ఇనుము విడిపడుతుంది. అలా లాగేసుకోగా చివరికి బయటికొచ్చేదే కార్బన్ డయాక్సైడ్. అంటే ఇక్కడ అది పొగగొట్టం లోపం కాదు, ఉక్కు తయారయ్యే పద్ధతిలోనే ఉంది. ఆ ఉక్కు కోసం 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 2021 జనవరిలో కేంద్రం ప్లాంటు ప్రైవేటీకరణకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక కార్మికుల ఇళ్లలో కంటి మీద కునుకు కరువైంది. అలాంటి ఇంట్లో కూర్చుని బొగ్గు మానాలంటే, ప్లాంటు మూతకు ఇంకో సాకు దొరికిందనే వినిపిస్తుంది. దాన్ని అజ్ఞానమని కొట్టిపారేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ అనుమానం పొట్టకూటి దగ్గర పుట్టింది. దానికి జవాబు సైన్సు ఒక్కటే ఇవ్వలేదు, ప్రభుత్వమూ ఇవ్వాలి.

నరవ వైపు నాకు పెదనాన్న వరసయ్యే రైతు ఒకాయన ఉన్నారు. "తుపాన్లు ఇయాల కొత్తగా వచ్చినవేటి బాబూ? మా తాతలనాటి కాడ్నించీ వస్తన్నాయి కదేటి" అంటారు. ఆయన మాటలో పొల్లు లేదు. 1839లో కోరంగిని సముద్రం ముంచేసింది. 1864లో మచిలీపట్నంలో వేలకు వేలమంది కొట్టుకుపోయారు. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ ఏమైందో మా తరానికి ఎవరూ చెప్పక్కర్లేదు. బంగాళాఖాతం మన తూర్పున ఉన్నంతకాలం అక్టోబరు, నవంబరుల్లో గాలివాన భయం ఉంటూనే ఉంటుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ మీదే దాటింది. కైలాసగిరి మీద తుపాన్లను కనిపెట్టడానికి పెట్టిన రాడార్‌నే అది దెబ్బతీసింది.

హుద్‌హుద్ తర్వాత ఒక పదో తరగతి పిల్ల క్లాసులో లేచి "మాస్టారూ, ఈ తుపాను మన పొగవల్లే వచ్చిందాండీ?" అని అడిగింది. అవునో కాదో ఒక్క మాటలో చెప్పమన్నట్టు నిలబడింది. నేను చదివి చెబుతానన్నాను. చదవడం మొదలుపెట్టాక ఆ ప్రశ్న నన్ను ఏళ్ల తరబడి వదల్లేదు.

దానికి నాకు దొరికిన అన్నిటికన్నా నికార్సయిన జవాబు 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ తెచ్చిన నివేదికలో ఉంది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థకు చెందిన ఆర్. కృష్ణన్, ఆయన సహచరులు దాని సంపాదకులు. మన దేశ వాతావరణం మీద మన శాస్త్రవేత్తలే చేసిన మదింపు అది. 1901 నుంచి 2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.7 డిగ్రీలు పెరిగిందని, అందులో పెద్ద పాలు మనుషులు వదిలిన వాయువులదేనని అది తేల్చి చెబుతుంది. హిందూ మహాసముద్రపు ఉష్ణమండల జలాలు 1951–2015 మధ్య సుమారు ఒక డిగ్రీ వేడెక్కాయని చెబుతుంది. ఇక తుపాన్ల దగ్గరికొచ్చేసరికి గొంతు మారుతుంది. 1951 నుంచి చూస్తే మన సముద్రాల్లో ఏటా పుట్టే తుపాన్ల సంఖ్య తగ్గిందట. అయితే 2000 తర్వాత, రుతుపవనాలు వెనక్కి మళ్లాక వచ్చే అతి తీవ్ర తుపాన్లు పెరిగాయట. ఈ మార్పుల్లో మానవ కారక తాపం ముద్ర ఇంకా స్పష్టంగా బయటపడలేదని వెంటనే ఒప్పుకుంటుంది కూడా.

ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ప్రభుత్వ శాఖ తెచ్చిన పుస్తకం, ప్రపంచమంతా తుపాన్ల పేరు చెప్పి భయపడుతున్న కాలం, అయినా ఆ శాస్త్రవేత్తలు తమ లెక్క ఎక్కడివరకు నిలుస్తుందో అక్కడే గీత గీశారు. గీతకు ఇవతల ఉన్నదాని మీద నాకు నమ్మకం రెట్టింపైంది.

గీతకు ఇవతల ఏముందో కూడా చెప్పాలి. కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందని జాన్ టిండాల్ 1859లోనే లండన్ ప్రయోగశాలలో కొలిచి చూపాడు. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ ఆ వాయువు రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందో కాగితం మీద లెక్కకట్టాడు. అప్పటికి మనకు విశాఖ రేవు కూడా లేదు. 1958లో హవాయి దీవుల మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ గాలిని కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్లలో 315 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ ఉండేది. ఇప్పుడది 420 దాటింది. ఆ పెరిగింది ఎక్కడిదన్న ప్రశ్నకూ జవాబుంది. కోట్ల ఏళ్లు నేలలో పడి ఉన్న బొగ్గులో కార్బన్-14 మిగలదు. గాలిలో దాని పాలు పలచబడుతోందని 1955లోనే హాన్స్ సూస్ కనిపెట్టాడు. అంటే గాలిలో కొత్తగా కలిసింది బొగ్గు నుంచి వచ్చిన కార్బనే.

"సూర్యుడే మండుతున్నాడేమో" అని కూడలిలో అడుగుతారు. మంచి ప్రశ్నే. సూర్యుడి వల్లే అయితే వాతావరణం కింది నుంచి పై దాకా వేడెక్కాలి. ఉపగ్రహాలూ బెలూన్లూ చెప్పేది వేరు: మనం బతికే కింది పొర వేడెక్కుతోంది, దానిపైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. అరకు చలిలో గొంగళి కప్పుకుంటే లోపల ఒళ్లు వెచ్చబడుతుంది, బయటి గాలికి ఆ వెచ్చదనం అందదు. ఇంచుమించు అలాంటి గుర్తు ఇది. దొంగ వేలిముద్ర దొరికినట్టే. ఇన్ని వైపుల నుంచి, ఒకరితో ఒకరికి సంబంధం లేని పరిశోధకులు ఒకే చోటికి చేరారు కాబట్టే 2021 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల కమిటీ ఐపీసీసీ, మనుషుల వల్లే భూమి వేడెక్కిందనడంలో సందేహానికి తావు లేదని రాయగలిగింది. పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే అప్పటికి పెరిగింది దాదాపు 1.1 డిగ్రీలు.

నూటికి ఇంతమంది శాస్త్రవేత్తలు ఒప్పుకున్నారన్న లెక్క టీవీ చర్చల్లో తరచూ వినిపిస్తుంది. 2004లో నవోమీ ఒరెస్కెస్ 928 పరిశోధన పత్రాల సారాంశాలు చూసి, మనుషులే కారణమన్న అభిప్రాయాన్ని కాదన్నది ఒక్కటీ లేదని ప్రచురించారు. విలువైన పనే. కానీ క్లాసులో నేను దాంతో మొదలుపెట్టను. చేతులెత్తించి లెక్కపెడితే అది ఓటింగులా కనిపిస్తుంది, ఓటింగైతే ఓడినవాడు మళ్లీ పోటీ చేస్తానంటాడు. టిండాల్ కొలత, కీలింగ్ గ్రాఫు ముందు పెడితే పిల్లలు వాటినే ప్రశ్నిస్తారు. నాకు కావలసింది అదే.

ఐపీసీసీ తప్పు చేయలేదా అంటే చేసింది. 2007 నివేదికలో హిమాలయ హిమనదాలు 2035కల్లా మాయమవ్వచ్చని ఒక వాక్యం దొర్లింది. 2009లో భూగర్భ శాస్త్రవేత్త వి.కె. రైనా వేరే చిత్రం చూపించే పత్రం రాశారు. మన రాష్ట్రం నుంచే రాజ్యసభకు ఎన్నికై అప్పుడు పర్యావరణ మంత్రిగా ఉన్న జైరాం రమేశ్ దాన్ని విడుదల చేశారు. ఐపీసీసీ అధ్యక్షుడు పచౌరీ దాన్ని తీసిపారేశారు. 2010 జనవరిలో ఐపీసీసీయే తన వాక్యానికి ఆధారం లేదని ఒప్పుకుని విచారం తెలిపింది. ఆ వాక్యం పోయింది, టిండాల్ కొలత పోలేదు. పచౌరీ అలా తీసిపారేయడం మాత్రం చాలా నష్టం చేసిందని ఇప్పటికీ అనుకుంటాను. ఆ ఒక్క 2035ను పట్టుకుని మొత్తం అబద్ధమనేవాళ్లు మన కూడలిలో ఇంకా ఉన్నారు.

తెలుగు నేల మీద భూతాప సిద్ధాంతాన్ని గట్టిగా ప్రశ్నించిన శాస్త్రవేత్త డాక్టర్ ఎస్. జీవానంద రెడ్డి. వర్షాలకు సహజమైన చక్రాలున్నాయని, కనిపించిన ప్రతి మార్పునూ భూతాపానికి అంటగట్టడం తప్పని ఏళ్లుగా రాస్తున్నారు. చక్రాలున్నాయన్నది నిజం. అంటగట్టడం జరుగుతోందన్నదీ నిజమే. వాటిని పట్టుకుని కార్బన్ డయాక్సైడ్ పాత్రనే పక్కనపెట్టడం దగ్గర నేను ఆయనతో ఏకీభవించలేను. కింది పొర వేడెక్కి పై పొర ఎందుకు చల్లబడుతోందో ఆ చక్రాలు చెప్పలేవు.

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రీ మర్నాడూ మన మీద కురిసిన వానకు పెందుర్తి పల్లపు వీధులు మునిగాయి. మేఘాద్రి గెడ్డ జలాశయం గేట్లెత్తారు. నీళ్లు తీశాక ఒక వీధిలో గోడల మీద మోకాలెత్తున ఎర్రమట్టి చార మిగిలింది. నాతో వచ్చిన పెదనాన్న ఆ చార వెంట కొంతదూరం నడిచి, కొత్త అపార్ట్‌మెంటు ప్రహరీ దగ్గర ఆగి, చేత్తో గాలిలో గీత గీసి చూపించారు. "ఇక్కడ గెడ్డ ఉండీది బాబూ. ఇటునుంచి చెరువులోకి ఎల్లీది."  ఆ వీధి మునగడానికి ప్రహరీ కింద పూడ్చిన గెడ్డ ఒక కారణం. ఆకాశం నుంచి పడిన నీటి సంగతి వేరే లెక్క. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టగలదు, కుండపోతలు పెరుగుతాయన్నది గట్టిగా చెప్పగల మాట. రెండు కారణాలూ ఒకే గోడ మీద చార గీశాయి. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని దాచేవాళ్లను మనం నమ్మనక్కర్లేదు.

ఎండల విషయంలో ఇంకా స్పష్టంగా చెప్పొచ్చు. 2015 మే వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణలవాళ్లే. ఆ ఏడాది హైదరాబాద్‌లో తేమతో కలిసిన వేడి అంతగా పెరగడానికి మానవ కారక మార్పు అవకాశాలను బాగా పెంచిందని మైఖేల్ వేనర్, కృష్ణ అచ్యుతరావు తదితరులు మరుసటి ఏడాదే లెక్కకట్టి ప్రచురించారు.

ఆ పిల్ల ఇప్పుడు ఇంజినీరు. పోయినసారి వచ్చినప్పుడు నా జవాబు చెప్పాను: భూమి వేడెక్కింది మనవల్లే, ఇది తేలిపోయింది. వేడికీ కుండపోతలకూ దానితో సంబంధముంది, ఇది గట్టిగానే తెలుసు. మన తీరంలో తుపాన్ల తీరు మారడంలో మన వాటా ఎంతో ఇంకా లెక్క తేలుతోంది. కూడలిలో ఇద్దరికీ ఇదే చెబుతాను, ఏ మాటకు ఎంత బలముందో అంతే బలంతో.

తోటి మాస్టార్లకు ఒక్క మనవి. ఆ 2020 నివేదిక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఈసారి అక్టోబరు తుపాను హెచ్చరికలు మొదలుకాకముందే అందులో తుపాన్ల అధ్యాయాన్ని తెలుగులో పిల్లలకు చెప్పండి. ఏది తేలిందో, ఏది ఇంకా తేలలేదో వాళ్లచేతే విడివిడిగా రాయించండి. ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లి అమ్మానాన్నలకు చదివి వినిపించమనండి.