అక్వినాస్ చెప్పిన స్నానం

మధ్యయుగపు క్రైస్తవ మతశాస్త్రం బాధను పవిత్రం చేసి పేదవాడి నోరు నొక్కిందని మనం సభల్లో చెప్పుకుంటూనే వుంటాం. అందులో నిజం చాలానే వున్నది. 1098లో ఆన్సెల్మ్ పూర్తిచేసిన గ్రంథంలో పాపమంటే దేవుడికి చెల్లవలసిన గౌరవాన్ని ఎగవేయడం. క్రీస్తు మరణం ఆ బాకీకి చెల్లు. భూస్వామ్యపు లెక్కలు పరలోకం దాకా పాకాయి. కాని అంతటితో పుస్తకం మూసేయడం నాకు యిష్టం లేదు.

మా అమ్మ పోయిన యేడాది నేను థామస్ అక్వినాస్ 'సుమ్మా థియొలాజికా'లో దుఃఖాన్ని గురించిన భాగం చదివాను. భక్తితో కాదు, దుఃఖాన్ని యింత ఓపికగా పరీక్షించినవాళ్లు తక్కువ గనక. 1265 ప్రాంతాన మొదలుపెట్టి 1273లో అసంపూర్తిగా వదిలిన గ్రంథమది. శరీరపు నొప్పికన్న లోపలి దుఃఖమే పెద్దదంటాడాయన. అయినా దాన్ని ఆత్మకు అప్పగించి వూరుకోడు. ఉద్వేగాలన్నిటిలోను శరీరాన్ని ఎక్కువగా దెబ్బతీసేది దుఃఖమేనట. మరి మందేమిటి? సుఖం, కన్నీళ్లు, స్నేహితుల సానుభూతి, సత్యచింతన. ఆ పైన నిద్ర, స్నానం! మన యిళ్లలో చావుస్నానం మైల పోవడానికి. ఈ సన్యాసి చెప్పే స్నానం మాత్రం నలిగిన వొళ్లు తేరుకోవడానికి. ఆత్మా శరీరమూ కలిస్తేనే మనిషి అని అరిస్టాటిల్ దగ్గర నేర్చుకున్నవాడు గనకనే ఆ మాట అనగలిగాడు.

స్నేహితుల సంగతి యింకా బాగా చెప్పాడు. దుఃఖం బరువులాంటిది, నలుగురూ పడితే తేలికవుతుందన్నది వొక కారణం. దానికన్న మంచి కారణం మరొకటున్నదట: తనతోపాటు బాధపడేవాళ్లను చూసినప్పుడు, తనను ప్రేమించేవాళ్లున్నారని మనిషికి తెలుస్తుంది. పరామర్శకు వచ్చి, వొక్క మాటైనా ఆడకుండా మా అరుగుమీద కూర్చుని వెళ్లిన యిరుగుపొరుగువాళ్లు గుర్తుకొచ్చారు. ఆ పుట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

క్రీస్తు బాధ నటన కాదనీ, యీ జీవితంలో ఎవరూ పడనంత బాధ అనీ, వివేకంతో దాన్ని ఆయన తగ్గించుకోలేదనీ కూడా అక్వినాస్ వాదిస్తాడు. జ్ఞానికి దుఃఖముండదన్న స్టోయిక్కులకు అది గట్టి జవాబు.

కాని అదే గ్రంథంలో, న్యాయాన్ని చర్చించేచోట, తనకన్న తెలివైనవాడి పాలనలో వుండటం బానిసకే మేలని రాశాడు. వొంటినొప్పిని అంత దగ్గరగా చూసిన కన్ను బరువు మోసేవాడి వీపు దగ్గర చూపు తిప్పుకున్నది. నేను మళ్లీ వెనక్కి పోయి దుఃఖానికి చెప్పిన మందుల జాబితా చదివాను. బానిసకు ఆ నిద్ర, ఆ స్నానం ఎవరిస్తారో అందులో లేదు.