చెట్టెక్కే మంచె

జింకల వేట అనగానే మనవాళ్ళకి చటుక్కున గుర్తొచ్చేవి రెండు. ఒకటి సీతమ్మ కోరిన బంగారు లేడి. రెండోది ఓ సినిమా హీరో మీద ఏళ్ళ తరబడి నడుస్తున్న కోర్టు కేసు. రెండూ మంచి కథలు కావు. అందుకే "అక్టోబరు, నవంబరుల్లో వీకెండ్స్ కుదరవు, వేటకెళ్తాను" అని చెప్పినప్పుడల్లా అవతలివాళ్ళ మొహం మారిపోవడం నాకు అలవాటైపోయింది.

నేనుండేది పెన్సిల్వేనియాలో. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకను వేటాడటం నేరం. అలా ఉండటమే న్యాయం కూడా. ఇక్కడి లెక్క వేరు. వైట్‌టెయిల్ అనే తెల్లతోక జింకలు 1900 ప్రాంతంలో అమెరికా మొత్తమ్మీద సుమారు 5 లక్షలకి పడిపోయాయి, ఇప్పుడు దాదాపు 3 కోట్లున్నాయి. వాటిని అదుపులో ఉంచే తోడేళ్ళు ఈ రాష్ట్రం నుంచి ఎప్పుడో మాయమయ్యాయి. జింకలు ఎక్కువైన చోట ఓక్ మొక్క మొలిచిందే తడవు కొరికేస్తాయి, అడవికి కొత్త తరం రాదు. ఏ ప్రాంతంలో ఎన్ని ఆడజింకలకి లైసెన్సులివ్వాలో రాష్ట్రమే ఏటా లెక్కకట్టి ఇస్తుంది. ఇదంతా విన్నాక కూడా ఒప్పుకోని స్నేహితులు నాకున్నారు. వాళ్ళతో నాకు పేచీ లేదు. నేను చెప్పాలనుకుంటున్నది బాణం వదలడానికి చాలా ముందు జరిగే సంగతి. చెట్టెక్కడం.

ఎందుకెక్కాలి? జింకకి ముక్కే సగం ప్రాణం. నేల మీద కూచుంటే మన వాసన, మన కదలిక రెండూ దాని ఎత్తులోనే ఉంటాయి. 18, 20 అడుగుల పైనుంటే అది మనల్ని చూసే అవకాశం తక్కువ, గాలి కలిసొస్తే వాసన కూడా దాని తల మీదుగా పోతుంది. ఇది కొత్త ఉపాయమేం కాదు. 1926లో జిమ్ కార్బెట్ రుద్రప్రయాగ చిరుతను కొట్టింది మామిడి చెట్టు మీది మచాన్ నుంచే. మన జొన్నచేలల్లో మంచెలుండేవి. కాకపోతే మంచె మీది మనిషి చేతిలో వడిసెల ఉంటుంది, నోట్లో కేక ఉంటుంది. పిట్టల్ని రాకుండా తోలడం అతని పని. ఇక్కడ మంచె మీది మనిషి దగ్గొస్తే మింగుకోవాలి. రానిదాని కోసం కూచోవడం ఇతని పని.

ఇక్కడి ట్రీ స్టాండ్లు ముఖ్యంగా మూడు రకాలు. నిచ్చెనతో కలిసి ఉండేది ఒకటి. ఎక్కడం తేలిక, కానీ నిలబెట్టడానికి ఇద్దరు ముగ్గురు కావాలి, ఒకసారి పెట్టాక సీజనంతా అక్కడే. సొంత పొలమున్నవాళ్ళకి బాగుంటుంది. రెండోది చెట్టుకి బెల్టుతో బిగించే చిన్న పలక. కొమ్మలున్నా, వంకరున్నా ఏ చెట్టుకైనా పనికొస్తుంది, కానీ ఎక్కడానికి విడిగా మెట్లు బిగించుకుంటూ పోవాలి. మూడోది క్లైంబర్. వీపు మీద మోసుకెళ్ళి, దాంతోనే చెట్టెక్కి, దాని మీదే కూచుని, దాంతోనే దిగి, మళ్ళీ మోసుకొచ్చేయొచ్చు. నాకు సొంత భూమి లేదు, రాష్ట్రం అడవులకే వెళ్తాను. అక్కడ చెట్టుకి మేకులు, మరలు దించకూడదు. గాలి మారితే మనమూ చెట్టు మార్చుకోవాలి. కాబట్టి క్లైంబర్.

మొదటిసారి దాన్ని విప్పి చూసినప్పుడు నాకేమీ కొత్తగా అనిపించలేదు. భువనగిరి వైపు పెరిగినవాడికి కొత్తగా ఎందుకుంటుంది? గీత కార్మికుడు తాటిచెట్టెక్కే పద్ధతే ఇది. నడుము చుట్టూ, చెట్టు చుట్టూ మోకు. కాళ్ళకి బంధం. వెనక్కి వాలితే మోకు బిగుస్తుంది, ముందుకొస్తే వదులవుతుంది. వదులైనప్పుడు పైకి జరుపుకోవాలి. క్లైంబర్లోనూ రెండు ముక్కలు. పైది కూచునేది, కిందిది నిలబడేది. రెండిటికీ చెట్టుని చుట్టుకునే కేబులుంటుంది. మన బరువు బయటి అంచు మీద పడగానే ముందున్న పళ్ళు బెరడులోకి దిగుతాయి, వెనకనుంచి కేబుల్ లాగిపట్టుకుంటుంది. ఎంత బరువైతే అంత పట్టు. కూచుని, కాళ్ళతో కింది ముక్కని పైకి లాక్కోవడం. నిలబడి, చేతులతో పైముక్కని ఎత్తుకోవడం. గొంగళిపురుగు నడకలాగా ఓసారికి జానెడు, మూరెడు.

ఇంత తెలివైన వస్తువులోనూ ఒక మెలిక ఉంది. దీని పట్టంతా మన బరువు ఇచ్చేదే. బరువు తీసేసిన ముక్కకి పట్టు లేదు. ఎక్కడమంటేనే ఒక్కో ముక్క మీదనుంచి బరువు తీయడం. అంటే ప్రతి అడుగులోనూ మనల్ని సగం వస్తువే మోస్తుంది. క్లైంబర్ ఎంచుకోవడమైనా, వాడటమైనా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరగాలని నాకనిపిస్తుంది.

కొనేటప్పుడు అందరూ మొదట చూసేది బరువు. 9 కిలోలదా, 11 కిలోలదా అని. కిలోమీటరు నడవాలంటే అదీ ముఖ్యమే. కానీ నేను ముందు చూసేది మోయగల పరిమితి. చాలావాటి మీద 300 పౌండ్లని, అంటే సుమారు 136 కిలోలని ఉంటుంది. అందులో మనతోపాటు చలికోట్లు, బూట్లు, సంచి, విల్లు అన్నీ కలపాలి. తర్వాత ముందు కడ్డీ. తుపాకీ వాడేవాళ్ళకి ఆనించుకోవడానికి బాగుంటుంది, విల్లు వాడేవాళ్ళకి అడ్డం. నాది విల్లు, అందుకని ముందు తెరిచి ఉన్నదే తీసుకున్నాను. పాతది కొంటే కేబుల్ మీది తొడుగు పగిలిందా, నట్లు తుప్పుపట్టాయా, ఆ మోడల్‌ని కంపెనీ ఎప్పుడైనా వెనక్కి పిలిచిందా అన్నవి చూసుకోవాలి.

స్టాండ్ కంటే చెట్టుని ఎంచుకోవడం కష్టం. నిటారుగా ఉండాలి, 20 అడుగుల దాకా కొమ్మలుండకూడదు, మరీ సన్నం మరీ లావు కాకూడదు, బతికుండాలి. ట్యులిప్ పాప్లర్, రెడ్ ఓక్ మంచివి. షాగ్‌బార్క్ హికరీ బెరడు పెచ్చులుగా ఊడొస్తుంది, దాన్ని నమ్మలేం. బీచ్ చెట్టు నున్నగా ఉంటుంది, తడిసిందంటే జారుతుంది. అన్నిటికంటే మోసం ఆష్ చెట్టుది. ఆసియా నుంచి వచ్చిన ఎమరాల్డ్ ఆష్ బోరర్ అనే పురుగు 2002లో మిచిగన్లో బయటపడింది, 2007కి పెన్సిల్వేనియాకి చేరింది. అది తొలిచేసిన ఆష్ చెట్లు కొమ్మలు రాలిపోయి, స్తంభాల్లా నిలబడి, దూరం నుంచి క్లైంబర్ కోసమే పెరిగినట్టు కనిపిస్తాయి. అవి శవాలు. మనిషి బరువు పడితే ఎప్పుడు విరుగుతాయో చెప్పలేం.

నాకు ఈ పని నేర్పినాయన మా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు చేతికర్రతో నడుస్తాడు. 14 అడుగుల ఎత్తునుంచి పడ్డాడు. స్టాండ్ విరగలేదు, కేబుల్ తెగలేదు. పైకి చేరాక కూచోవడానికి ఇటు తిరుగుతుంటే కాలు తప్పింది, ఒంటికి హార్నెస్ లేదు. "ఎక్కుతున్నప్పుడు పడలేదు, ఎక్కేశాననుకున్నప్పుడు పడ్డాను" అంటాడాయన. ఆ మాట విన్నప్పుడు నాకు మా ఊళ్ళో చిన్నప్పుడు చూసిన కాక గుర్తొచ్చాడు. ముప్ఫై ఏళ్ళు కల్లు గీసి, ఒకరోజు తాటిచెట్టు మీదనుంచి జారి, ఆ తర్వాత మంచం దిగలేదు. ఆయన మోకు కూడా తెగలేదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకి కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టిందని చదివి చాలాసేపు ఆ పేరు దగ్గరే ఆగిపోయాను. ఇన్నాళ్ళూ చెట్టెక్కేవాళ్ళు దేవుడికి మొక్కి ఎక్కారు. ఇప్పుడు ఆ దేవుడి పేరే బెల్టుకి పెట్టారు.

హార్నెస్ చేసే పని చిన్నదే. ఎక్కడానికి వాడే వస్తువునీ, పడకుండా ఆపే వస్తువునీ వేరు చేస్తుంది. నేల మీద కాళ్ళున్నప్పుడే తగిలించుకోవాలి. చెట్టు చుట్టూ ఉన్న పట్టీని ప్రతి అడుగుకీ తలపైకి జరుపుకుంటూ పోవాలి. కూచున్నాక తాడులో వదులు మిగలకూడదు. పడితే హార్నెస్‌లో ఎక్కువసేపు వేలాడటం కూడా ప్రమాదమే, తొడల దగ్గర రక్తం ఆగిపోతుంది. అందుకే కాలు పెట్టి నిలబడటానికి ఒక పట్టీ జేబులో ఉండాలి. పై ముక్కనీ కింది ముక్కనీ తాడుతో కలపాలి, లేదంటే కాలుజారిన కింది ముక్క చెట్టు మొదట్లోకి పోతుంది, మనం పైన కుర్చీలో మిగిలిపోతాం. పైకి పోయేకొద్దీ చెట్టు సన్నబడుతుంది కాబట్టి కింద మొదలుపెట్టేటప్పుడే పలక బయటి అంచు కాస్త పైకి లేచి ఉండాలి, అప్పుడు పైన సమంగా వస్తుంది. విల్లుని చేత్తో పట్టుకుని ఎక్కకూడదు, కూచున్నాక తాడుతో లాక్కోవాలి. ఇవన్నీ ముందు పెరట్లో, అడుగు ఎత్తులో, పగటిపూట చేసి చూసుకోవాలి.

పైకెక్కితే అంతా చేతిలోకొచ్చినట్టు కాదు. జింక మరీ చెట్టు కిందికొస్తే బాణం నిట్టనిలువుగా దిగి ఒక ఊపిరితిత్తికే తగలొచ్చు. అది గాయంతో పరుగెత్తి రాత్రంతా బాధపడి చస్తుంది. ఎత్తు ఎంత పెరిగితే ఆ ప్రమాదం అంత పెరుగుతుంది. అందుకే నేను 18 అడుగులు దాటను. కిందికొచ్చింది 15, 20 గజాల దూరం జరిగి పక్కకి తిరిగేదాకా ఆగుతాను. తిరగకపోతే ఆ రోజుకి అంతే. మూడు సీజన్లలో నేను కొట్టింది ఒక్క ఆడజింకని. ఆ మాంసం చలికాలమంతా తిన్నాం.

ఇక్కడ సూర్యాస్తమయం తర్వాత అరగంటకి వేట సమయం అయిపోతుంది. అసలు పని అప్పుడు మొదలవుతుంది. నాలుగు గంటలు కదలకుండా కూచున్న కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి, వేళ్ళు కొంకర్లు పోతాయి, ఇంటికెళ్ళాలన్న తొందర ఉంటుంది. ఎక్కినదానికంటే నెమ్మదిగా దిగాలి. తలకి దీపం, ప్రతి అడుగుకీ పట్టీని కిందికి జరుపుకోవడం, పాదం నేలని తాకాకే కొక్కెం విప్పడం. ఏ చెట్టు మీద ఉన్నానో ఫోన్లో లొకేషన్ పొద్దున్నే నా భార్యకి పంపి ఉంటాను. దొరికిందా లేదా అని ఆమె ఎప్పుడూ అడగలేదు. చీకటి పడ్డాక నా దగ్గర్నుంచి ఆమె చూసే మెసేజ్ ఒక్కటే మాట.

"దిగాను."