చింతామణి ఎవరిది?

బెంగుళూరు నుంచి హోస్కోట దాటి, ఈశాన్యంగా సుమారు 75 కిలోమీటర్లు వెళితే చింతామణి వస్తుంది. ఒకప్పుడు కోలారు జిల్లాలో ఉండేది, 2007లో జిల్లాను విడదీసినప్పుడు చిక్కబళ్లాపురం జిల్లాలోకి వచ్చింది. చుట్టూ బండరాళ్ల గుట్టలు. ఒక పక్క అంబాజీదుర్గం కొండ, మరో పక్క రాతిని తొలిచి చేసిన కైలాసగిరి గుహాలయాలు. కాస్త దూరంలో హిందువులూ ముస్లిములూ కలిసి మొక్కుకునే మురుగమల్ల దర్గా. పూర్వం ఈ ఊరికి చిన్న గేజి రైలు ఉండేది. 2013లో ఆ దారి బ్రాడ్ గేజి అయింది.

బస్సు దిగితే కళ్లకు కనబడేదంతా కన్నడమే. దుకాణాల బోర్డులు కన్నడం, బడి కన్నడం, కచేరీ కాగితాలు కన్నడం. కళ్లు మూసుకుంటే మాత్రం తెలుగు వినబడుతుంది. "ఏమప్పా, బాగుండావా? ఊట అయిందా?" అని పలకరిస్తారు. ఆ ఒక్క పలకరింపులో సీమ యాస ఉంది, నడుమ ఒక కన్నడ మాట కూడా ఉంది. ఏది ఏ భాషదని విడదీయబోతే పలకరింపే చెడిపోతుంది. బ్యాంకు ఉద్యోగంలో ఇలాంటి సరిహద్దు ఊళ్ల కౌంటర్ల దగ్గర నేను గమనించింది ఒకటుంది. అప్పు దరఖాస్తు ఇంగ్లీషులో ఉంటుంది, దానిమీద రైతు సంతకం కన్నడంలో ఉంటుంది, ఆ అప్పు ఎందుకు కావాలో, పంట ఎలా పోయిందో చెప్పుకునే కష్టసుఖాలన్నీ తెలుగులో ఉంటాయి.

చింతామణిరావు అనే మరాఠా నాయకుడి పేరు మీద ఊరికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. అంటే తెలుగు మాట్లాడే ఈ కన్నడ ఊరికి పేరు పెట్టింది మరాఠీవారన్నమాట. అయితే అదే పేరు పాతతరం తమిళుల దగ్గర ఎత్తి చూడండి, వాళ్లకు గుర్తుకొచ్చేది ఊరు కాదు, ఒక సినిమా. 1937 మార్చిలో విడుదలైన తమిళ చిత్రం 'చింతామణి'. ఈ ఊరికీ ఆ చిత్రానికీ పేరు తప్ప చుట్టరికం లేదు. కాని ఆ చిత్రం తయారైన తీరు చూస్తే ఈ ఊరే గుర్తుకొస్తుంది.

కథ మనకు తెలిసిందే. బిల్వమంగళుడు చదువుకున్నవాడు, ఇల్లూ ఇల్లాలూ ఉన్నవాడు. చింతామణి అనే వేశ్య మీద మోహంతో అన్నీ మరచిపోతాడు. ఒక తుఫాను రాత్రి ఏటిలో శవాన్ని దుంగ అనుకుని పట్టుకుని ఈదుతాడు, వేలాడే పామును తాడు అనుకుని పట్టుకుని మేడ ఎక్కుతాడు. అది చూసి ఆమే అతనికి బుద్ధి చెబుతుంది. ఇంత ప్రేమ ఆ కృష్ణుడి మీద చూపితే తరించిపోయేవాడివి కదా అంటుంది. ఆ మాటతో అతడు మారిపోతాడు. శ్రీకృష్ణకర్ణామృతం రాసిన లీలాశుకుడు ఇతడేనని సంప్రదాయం.

ఈ కథను తమిళంలో తీసింది మదురైకి చెందిన రాయల్ టాకీ డిస్ట్రిబ్యూటర్స్ వారు. కథానాయకుడు ఎం.కె.త్యాగరాజ భాగవతార్. మాయవరంలో 1910లో పుట్టారు. నాటకరంగం మీద పేరు తెచ్చుకుని, 1934లో 'పవళక్కొడి'తో సినిమాల్లోకి వచ్చారు. పాటలు రాసింది పాపనాశం శివన్. ఆయనను 'తమిళ త్యాగయ్య' అంటారు. చింతామణిగా వేసిన అశ్వత్థమ్మ కన్నడం ఆవిడ. అంతకు రెండేళ్ల ముందు, 1935లో, 'సదారమె' అనే కన్నడ చిత్రంలో నటించారు. కృష్ణుడుగా సెరుకళత్తూర్ సామా వేశారు.

మరి దర్శకుడో? మనవాడే. వై.వి.రావు అని తెరమీద పడే ఆ పేరు పూర్తిగా చెబితే యరగుడిపాటి వరదరావు. నెల్లూరులో 1903లో పుట్టారు. మూకీల రోజుల్లోనే నటుడుగా ప్రవేశించారు. కన్నడంలో మొట్టమొదటి టాకీ 'సతీ సులోచన'కు దర్శకుడు ఈయనే. అది కొల్హాపూర్ స్టూడియోలో తయారై 1934 మార్చిలో బెంగుళూరులో విడుదలైంది. కన్నడ ప్రజలకు తెరమీద తమ మాట తొలిసారి వినిపించినవాడు ఒక నెల్లూరు తెలుగువాడు! మూడేళ్ల తరువాత తమిళులకు 'చింతామణి' తీసి ఇచ్చారు, అందులో తనూ ఒక వేషం వేశారు.

ఆనాటి చిత్రనిర్మాణం ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. నేపథ్యగానం ఇంకా వాడుకలోకి రాలేదు. నటించేవారే పాడాలి, పాడుతూనే నటించాలి. హార్మోనియం, ఫిడేలు, తబలావాళ్లు కెమెరాకు కనబడకుండా చెట్టు చాటునో తెర వెనకో కూర్చుని వాయించేవారు. పల్లవి బాగా వచ్చి చరణంలో ఎక్కడైనా తప్పితే మళ్లీ మొదటి నుంచి. ఫిల్ము ఖరీదు నిర్మాత నెత్తిన. అందుకే ఆ రోజుల్లో ముందు గొంతు చూసేవారు, తరువాతే రూపం. కన్నడం మాట్లాడే అశ్వత్థమ్మ తమిళంలో సంభాషణ పలకాలి, తమిళంలో పాడాలి, పక్కన భాగవతార్ వంటి గాయకుడి సరసన నిలబడాలి. వాళ్లిద్దరినీ నడిపించే దర్శకుడి ఇంటి భాష తెలుగు. మూడు భాషలవాళ్లను కలిపి ఉంచింది ఒక్క సంగీతమే అనుకోవాలి. తమిళనాట శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న ఎవరికైనా త్యాగరాజస్వామి తెలుగు నోటికి వచ్చే ఉంటుంది గదా.

ఫలితం ఏమైంది? ఒకే థియేటరులో ఏడాదికి పైగా ఆడిన తొలి తమిళ చిత్రంగా 'చింతామణి' పేరు తెచ్చుకుంది. పాటలు ఊరూరా పాకాయి. కామర్సు చదివినవాణ్ని కాబట్టి నాకు నచ్చిన సంగతి ఇంకొకటి చెబుతాను. వచ్చిన లాభంతో రాయల్ టాకీవారు మదురైలో ఒక సినిమా హాలు కట్టి, దానికి చింతామణి అనే పేరే పెట్టారు. వెండితెర మీద కరిగిపోయే బొమ్మ ఇటుకా సున్నమూ అయి నిలబడిందన్నమాట.

భాగవతార్ ఆ తరువాత కొన్నేళ్లు తమిళనాట మకుటంలేని మహారాజు. 1944 దీపావళికి వచ్చిన 'హరిదాస్' మద్రాసు బ్రాడ్వే థియేటరులో మూడు దీపావళులు చూసింది. అదే ఏడాది చివర లక్ష్మీకాంతన్ హత్య కేసులో ఆయన అరెస్టయ్యారు. 1947లో నిర్దోషిగా బయటికి వచ్చినా పూర్వవైభవం తిరిగి రాలేదు. 1959లో కన్నుమూశారు. వై.వి.రావు గారు తెలుగులో 1939లో 'మళ్లీ పెళ్లి', మరుసటి ఏడు 'విశ్వమోహిని' తీశారు. మొదటిది వితంతు వివాహం గురించి, రెండవది సినిమా లోకం గురించి. ఆయన కుమార్తె నటి లక్ష్మి దక్షిణాది భాషలన్నిటికీ ఆత్మీయురాలైంది. తండ్రి పోలిక.

తెలుగువారికి చింతామణి అంటే మొదట గుర్తొచ్చేది మాత్రం నాటకం. కాళ్లకూరి నారాయణరావు గారు 1920లలో వేశ్యావ్యసనాన్ని ఖండిస్తూ రాశారు. ఊరూరా వేల ప్రదర్శనలు జరిగాయి. 1933లో తెలుగు టాకీగా వచ్చింది. 1956లో భరణీ వారు భానుమతి, ఎన్.టి.రామారావులతో మళ్లీ తీశారు. పోనుపోను రంగస్థలం మీద సుబ్బిశెట్టి హాస్యం మూలాన్ని మించి పెరిగిపోయింది. ఆ పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. బెంగాలీవారిని అడిగితే కథ మాదంటారు. గిరీశ్ చంద్ర ఘోష్ నాటకం వారిది, 1919లో కలకత్తాలో వచ్చిన 'బిల్వమంగళ్' మూకీ కూడా వారిదే.

ఇంతకీ చింతామణి ఎవరిది? తమిళ చిత్రం తమిళులదే, అందులో సందేహం లేదు. కాని నెల్లూరు బుద్ధి, మైసూరు సీమ గొంతు, కావేరీతీరపు పాట, మదురై పెట్టుబడి, అన్నీ కలిస్తే గాని ఆ చిత్రం లేదు. చింతామణి ఊరి సంగతీ అంతే.

ఈ మధ్య పేర్ల విషయంలో మనుషులు పట్టుదలకు పోతున్నారు. పొరుగునున్న బాగేపల్లి పేరును 'భాగ్యనగర'గా మార్చాలని 2025 జూలైలో కర్ణాటక మంత్రివర్గం నిర్ణయించింది. 'పల్లి' అనేది తెలుగులా వినబడుతుందని కొందరి బాధ. అయితే భాగ్యనగరం అనగానే తెలుగువాడి మనసు ఎక్కడికి పోతుందో చెప్పనక్కరలేదు! పేరు మార్చినంత మాత్రాన ఇంట్లో మాట మారదు. ఇంట్లో మాట మారితే మాత్రం ఏ బోర్డూ దాన్ని నిలపలేదు. నా దిగులంతా ఈ రెండవదాని గురించే.

చింతామణికి సుమారు 15 కిలోమీటర్లలో కైవారం ఉంది. భీముడు బకాసురుణ్ని చంపిన ఏకచక్రపురం ఇదేనంటారు. అక్కడి యోగి నారేయణ యతీంద్రులను జనం ప్రేమగా 'కైవారం తాతయ్య' అంటారు. గాజులమ్మే వృత్తిలో ఉండి యోగి అయిన మహానుభావుడు. 1726లో పుట్టి 110 ఏళ్లు జీవించారని భక్తుల విశ్వాసం. తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు, కాలజ్ఞానం చెప్పారు. గురుపూర్ణిమకు అక్కడ పెద్ద సంగీతోత్సవం జరుగుతుంది. తెలుగు కీర్తనను కన్నడ లిపిలో అచ్చయిన పుస్తకం చూసి పాడేవాళ్లు అక్కడ ఎందరో. అది చూసి మొదట సంతోషం కలుగుతుంది. లిపి ఏదైతేనేం, తాతయ్య మాట బతికింది కదా! ఆ వెంటనే ఒక ఆలోచన. చెవిలో మిగిలిన భాష కంటికి దూరమైంది. ఆ పాడేవారి మనవలకు ఆ మాటల అర్థం ఎవరు చెబుతారు?

మనలాంటి ప్రవాస కుటుంబాల్లో జరుగుతున్నదీ అదే. పిల్లలు అమ్మమ్మతో తెలుగు మాట్లాడతారు. తెలుగు పాట వస్తే గొంతు కలుపుతారు. ఈ పత్రిక చేతికిస్తే మాత్రం బొమ్మలు చూసి పక్కన పెడతారు.

ఉన్న ఊరి భాష మీద అలగమని నేను చెప్పటం లేదు. కన్నడ దేశంలో ఉన్నవారు కన్నడం బాగా నేర్చుకోవాలి, చెన్నైలో ఉన్నవారు తమిళం. వై.వి.రావు గారు పరాయి భాషలకు అంత ఇవ్వగలిగారంటే తన చేతిలో ఏదో ఉండబట్టే. ఖాతాలో నిల్వ ఉంటేనే గదా చెక్కు చెల్లేది. సొంత నిల్వ లేనివాడు ఇచ్చిపుచ్చుకోవడంలో పుచ్చుకునేవాడుగానే మిగిలిపోతాడు.

నిల్వ పెంచుకోవడం ఏమంత కష్టం కాదు. కన్నడ అక్షరాలు వచ్చిన పిల్లలకు తెలుగు అక్షరాలు అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి. తలకట్లు, కొన్ని ఒత్తులు, అక్కడక్కడ ఒక వంపు తేడా. రోజుకు పావుగంట చొప్పున రెండు మూడు నెలలు చాలు. తమిళం చదివినవారికి మరికొంత కాలం పడుతుంది, అంతే. మొదటి పాఠానికి పెద్దబాలశిక్షే ఉండాలని లేదు. ఇంట్లోవాళ్ల పేర్లు, వాళ్లకు ఇష్టమైన పాటలు, తాత ఊరి పేరు రాయించండి. ఈసారి చిక్కబళ్లాపురం వైపు ప్రయాణం పెట్టుకుంటే కైవారం కూడా చూసి రండి. గుడిలో కీర్తన వినబడితే ఒక పల్లవిని పిల్లల చేత తెలుగులో రాయించి, దాని అర్థం బస్సులో వస్తూ చెప్పండి.