మోతీ దాహం

మా లాల్‌దర్వాజా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చినప్పుడే డ్రమ్ములూ బిందెలూ నింపుకోవాలి. అలాంటి ఇంట్లో ఎవరు ఎన్ని నీళ్లు వాడుతున్నారో ఇట్టే తెలిసిపోతుంది. పదేళ్లు దాటిన మా పొమేరియన్ మోతీ గిన్నె ఖాళీ చేసి మళ్లీ బిందె దగ్గరకొచ్చి నిలబడేది. "ఎండలకు గావొచ్చు బిడ్డా" అంది పక్కింటి పెద్దమ్మ. ఎండలు పోయి బోనాలొచ్చినా దాహం తగ్గలేదు. తెల్లారేసరికి గడప దగ్గర మడుగు కట్టేది.

ఇలాంటప్పుడు చాలా ఇళ్లలో చేసే పని, చీకటి పడగానే నీళ్ల గిన్నె తీసి దాచేయడం. దయచేసి ఆ పని చేయకండి. మోతీకి వచ్చిన జబ్బులో కుక్క ఎక్కువ తాగి ఎక్కువ మూత్రం పోయడం లేదు, ఎక్కువ పోసి, ఆ లోటు తీర్చుకోవడానికి తాగుతోంది. మూత్రపిండాల పక్కనే ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను అవసరానికి మించి వదులుతాయి. దాంతో మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచలేవు. గిన్నె దాస్తే మూత్రం ఆగదు, ఒళ్లు ఎండిపోతుంది.

దీన్నే కుషింగ్స్ జబ్బు అంటారు. హార్వే కుషింగ్ అనే అమెరికా మెదడు శస్త్రవైద్యుడు 1912లో మనుషుల్లో దీన్ని వర్ణించాడు. మెదడు కింద శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథిలో పెరిగే కణితికీ దీనికీ ఉన్న ముడిని 1932లో విప్పి చెప్పాడు. కుక్కల్లోనూ నూటికి ఎనభైకి పైగా కేసుల్లో మూలం అక్కడే. మిగతావాటిలో చాలామటుకు అడ్రినల్ గ్రంథి మీదే కణితి ఉంటుంది.

చూసేవాళ్లకు ఇది జబ్బులా కనబడదు, అదే బాధ. ఆవురావురుమంటూ తింటుంది కాబట్టి బాగుందనుకుంటారు. పొట్ట జారితే ఒళ్లు చేసిందంటారు. వగరిస్తే ముసలిదైందంటారు. మోతీని వెల్లకిలా పడుకోబెట్టి చూస్తే పొట్ట చర్మం పల్చబడి, కింద నరాలు నీలంగా కనిపించేవి. రెండు డొక్కల మీదా ఒకే తీరుగా వెంట్రుకలు రాలాయి. అయినా అది గోక్కునేది కాదు.

అనుమానం వస్తే ముందు నీళ్లు కొలవండి. లీటరు సీసాతో నింపి, రోజంతా ఎంత తాగిందో రాసుకోవాలి. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే ఎనిమిది కిలోల కుక్క రోజుకు 800 మిల్లీలీటర్లకు మించి తాగితే, డాక్టరుకు చూపించాల్సిందే. ఆ తర్వాత మూత్రం పరీక్ష. పొద్దున్నే వాకిట్లో మోతీ వెనకాలే వంగి నడిచి, అది కూర్చోగానే పొడుగు కాడ గరిటె మెల్లగా కిందికి జరిపి పట్టేవాళ్లం. ఆస్పత్రి భయం లేకుండా ఇంట్లోనే పడితే ఫలితం నమ్మకంగా ఉంటుంది. అందులో అనుమానం తీరకపోతే డెక్సామెథాసోన్ సూది వేసి, సూదికి ముందొకసారి, నాలుగు గంటల తర్వాత, ఎనిమిది గంటల తర్వాత రక్తం తీస్తారు. ఆ రోజంతా దానికే పోతుంది, ఓపిగ్గా కూర్చోవాలి.

మందు ట్రైలోస్టేన్. కుక్కల కోసం అమెరికాలో 2008లో అనుమతి పొందింది. జబ్బును పోగొట్టదు, అదుపులో ఉంచుతుంది. తిండితో పాటే ఇవ్వాలి. కడుపుతో ఉన్నవాళ్లు ఆ మందు గొట్టాలను (క్యాప్సూల్స్‌ను) ముట్టుకోకూడదు కాబట్టి మా వదినను ఆ డబ్బా దగ్గరకే రానివ్వలేదు. మొదలుపెట్టిన పది, పద్నాలుగు రోజులకు మళ్లీ రక్తపరీక్ష చేసి మోతాదు సరిచూస్తారు. దాహం ముందుగా తగ్గుతుంది, బొచ్చు రావడానికి నెలలు పడుతుంది.

ఈ మందు వాడే కుక్కల విషయంలో ఆకలి ఉన్నప్పుడు కాదు, ఆకలి పోయినప్పుడే కంగారు పడాలి. గిన్నె వైపు చూడకుండా పడుకున్నా, వాంతులైనా, కాళ్లు తేలేసినా కార్టిసాల్ మరీ పడిపోయి ఉండొచ్చు. అది ప్రాణం మీదికొచ్చే సంగతి. ఆ పూట మందు ఆపేసి వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. మిగతా రోజుల్లో దాని ఆకలిని మనమే కాయాలి. రంజాన్ నెలలో శాలిబండ వైపు హలీమ్ భట్టీలు వెలిగితే ఆ వాసనకు మోతీ గుమ్మం దాటి ఉరికేది. ప్రేమ కొద్దీ నేతి ముద్ద పెట్టేవాళ్లూ ఉంటారు. ఈ జబ్బున్న కుక్కకు కొవ్వు తిండి పడదు, క్లోమం వాచే ప్రమాదం ఉంది. ఉడికించిన కోడిమాంసం, కాస్త అన్నం చాలు.

ఇంకో మాట, ఇది గట్టిగానే చెప్పాలి. దురద తగ్గాలని నెలల తరబడి స్టెరాయిడ్ సూదులూ బిల్లలూ ఇప్పించినా అచ్చం ఇవే లక్షణాలొస్తాయి. అప్పుడు తప్పు గ్రంథులది కాదు, మందుది. అలాగని తెలిసిన మరునాడే ఆపేయకూడదు. అన్నాళ్లూ పని లేక గ్రంథులు నిద్రపోయి ఉంటాయి, అవి తేరుకునేదాకా డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. అందుకే పాత మందుల చీటీలు పారేయకండి. చర్మానికి రాసిన మలాముల పేర్లతో సహా అన్నీ పట్టుకెళ్లండి, డాక్టరు మొదట అడిగేవి అవే.