చవకగా వచ్చే పాత టేబుల్ సా

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు వడ్రంగి పనివాళ్లు పాత టేబుల్ సా కొనేముందు మోటారు కన్నా బ్లేడు తిరిగే ఇరుసునూ, కట్టెను ఆనించి తోసే గైడునూ చూడాలి. మోటారు కాలితే వైండింగ్ చేయించుకోవచ్చు. ఇరుసు ఊగితే మాత్రం ఊరికే ఇచ్చినా వద్దనే అంటాను. గైడు బ్లేడుకు సమాంతరంగా లేకపోతే కట్టె బిగుసుకుని మనిషి మీదికే ఎగిరొస్తుంది. కోసిన సందు మూసుకోకుండా బ్లేడు వెనక నిలిచే ఇనుప రేకు ఆ ముప్పును చాలావరకు ఆపుతుంది, పాత మిషన్లలో తరచుగా కనిపించనిదీ అదే.

చేయి తిరిగినవాడికి ఈ జాగ్రత్తలన్నీ ఎందుకని కొందరంటారు. కట్టె ఎదురు తన్నడం రెప్పపాటులో అయిపోతుంది, ఎంత అనుభవమున్నా చేయి అంత వేగంగా వెనక్కి రాదు. బ్లేడు కూడా కోసే కట్టెను బట్టి ఉండాలి. నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి కర్ర మెత్తన. టేకులో మాత్రం సిలికా ఉంటుంది కాబట్టి మామూలు ఉక్కు పళ్లు తొందరగా మొద్దుబారతాయి, అప్పుడు ఇంకా గట్టిగా తోయాల్సి వస్తుంది. కార్బైడ్ బ్లేడు, వెనక రేకు, బ్లేడు మీది పైమూత ఖర్చు కలిపాక కూడా కొత్తదానికన్నా బాగా తక్కువ పడితేనే కొనాలి.