రేకు పిల్లనగ్రోవి

ఇంగ్లండు దేశమున సఫోక్ మండలమందు కోనీ వెస్టన్ అను చిన్న పల్లె కలదు. ఆ పల్లెవాడగు రాబర్ట్ క్లార్క్ అను వ్యవసాయ కూలి 1843వ సంవత్సరమున, కొయ్యతో చేసిన పిల్లనగ్రోవివంటి దానినే తగరపు పూతగల రేకుతో చేయవచ్చునని తలంచెను. రేకును గొట్టముగా చుట్టి, ఆరు రంధ్రములు చేసి, నోటియొద్ద చిన్న కొయ్యముక్కను బిగించెను. పిమ్మట పనిముట్లను తోపుడుబండిపై వేసికొని, త్రోవలో పిల్లనగ్రోవులు చేసి యమ్ముకొనుచు, కాలినడకను మాంచెస్టరు నగరమునకు పోయెనని చెప్పుదురు. ఆ కాలమున ఐర్లండునుండి పొట్టచేత పట్టుకొని వచ్చినవారు ఆ నగరమున వేలకొలది యుండిరి. ఈ వాద్యము వారి సంగీతమునకు చక్కగా అమరినది. నేటికిని ఐర్లండులో పెక్కు పాఠశాలలయందు పిల్లల చేతికి మొదట వచ్చు వాద్యము తరచుగా నిదియే.

వెల స్వల్పము గదా యని దీనిని చులకనగా చూచువారు కలరు. అట్టివారు దీనిని పై స్థాయిలలో పలికింప యత్నించి యుండరు.

వేణువాదకుడు పెదవిని బిగించియు సడలించియు, వేణువును కొంచెము త్రిప్పియు స్వరమును దిద్దుకొనగలడు. రేకు పిల్లనగ్రోవియందు పెదవులకు పనిలేదు. ఊదిన గాలి యొక సన్నని సందుగుండ పోయి, ఎదుటనున్న పదునైన యంచును తాకును. ఆ సందు కదలదు. ఆ యంచును కదలదు. వాదకుని వశమున నున్నవి వ్రేళ్లు, ఊపిరి మాత్రమే. మెల్లగా ఊదినచో గొట్టములోని గాలి మొదటి స్థాయిలో పలుకును. వడిగా ఊదినచో నదే గాలి రెండు భాగములై కంపించి, వ్రేళ్లు కదలకయే స్వరము ఒక స్థాయి పైకెగురును. మూడవ స్థాయికి పోవలెనన్న ఊపిరి యింకను వడిగా నుండవలెను. వ్రేళ్లను వేరు విధముగా నుంచవలెను. ‘డి’ శ్రుతిగల సామాన్యమైన పిల్లనగ్రోవిలో మొదటి షడ్జమునకు సెకనుకు సుమారు 587 కంపనములు, రెండవదానికి 1175, మూడవదానికి 2349. మనుష్యుని చెవి మిక్కిలి చురుకుగా వినునది రమారమి 2000 మొదలు 5000 కంపనముల వఱకు. కావున నా మూడవ షడ్జము చెవిలో సూదివలె గ్రుచ్చుకొనును. మూసిన గదిలో దానిని సాధన చేయువారు చెవులకు మూతలు పెట్టుకొనుట వివేకము.

నేర్చువానికి చిక్కు ఇచటనే కలదు. ఐర్లండు పడమటి తీరమున నొక చిన్న యింటిలో పదునొకండేండ్ల బాలుని ఊహించుకొనుడు. వాడు నేర్చుచున్న నృత్యగీతము రెండవ స్థాయి ధైవతమునకు ఎక్కవలెను. అది రాగానే అవ్వ లేచి గది తలుపు మూయును. ఆమె ఏమియు అనదు; కాని తలుపు చప్పుడు వాడు వినును. మరునాడు ధైవతము సమీపించుసరికి వాడు భయపడి ఊపిరి తగ్గించును. ఊపిరి తగ్గగానే స్వరము విరిగి క్రింది స్థాయిలో పడును, లేదా రెంటికిని నడుమ కీచుమనును. మెల్లగా ఊదిన మెత్తగా వినబడునని వాని తలంపు. ఈ వాద్యము అట్టిది కాదు; పై స్వరమున పిరికితనము చూపినచో మఱింత కర్ణకఠోరమగును. ఎందరో పిల్లలు ఈ మెట్టుకడనే దీనిని మూలకు పడవేయుదురు. దోషము వ్రేళ్లది కాదు, మొగమాటముది.

బాలుడు పిల్లనగ్రోవిని జేబులో నుంచుకొని సముద్రపు టొడ్డున నున్న బీటికి పోయెను. అచట గాలి విసరి యంచుకడ ఊపిరిని చెదరగొట్టుటచే స్వరమే పలుకలేదు. అంతట నొక రాతిగోడ మాటున గాలికి వీపుపెట్టి కూర్చుండెను. చల్లని రేకును అరచేతుల నడుమ వెచ్చచేసెను. చల్లగా నున్నచో ఊపిరిలోని చెమ్మ సందులో నీరై నిలిచి స్వరమును మూయును. గోడ అవతల గొఱ్ఱెలు తప్ప వినువారు లేరు. నిండుగా ఊదెను. ధైవతము నిలిచినది, దానిపై నిషాదము నిలిచినది. మూడవ షడ్జము మాత్రము వెంటనే లొంగలేదు. ఏ రంధ్రముపైని వ్రేలు వెండ్రుకవాసి తొలగినను అది చిందరవందర యగుచుండెను. సాయంకాలమునకు నాలుగైదు పర్యాయములు వచ్చినది.

ఆ స్వరముతో వానికి పనియేమి యని యడుగవచ్చును. నిజమే, ఐరిషు నృత్యగీతములు ఆ యెత్తునకు పోవుట అరుదు. ఫిడేలుపై చేయి జరపక వాయించినచో పై తంత్రి ధైవతముకడ ఆగును. ఆ గీతములును బహుళముగా నా యవధిలోనే నడచును. పిల్లనగ్రోవి ఫిడేలుకంటె నొక స్థాయి పైన పలికినను, గీతపు పరిమితి యదియే. అయినను షడ్జమువఱకు ఎక్కి దిగినవానికి ధైవతము శిఖరముగా తోపదు, నడుమనున్న మెట్టుగా తోచును. ఎత్తున వలసిన ఊపిరి యెంతయో వానికి తెలిసినది గనుక, క్రింద నెంత చాలునో ఊహింపనక్కఱలేదు.

బాలుడు చీకటి పడువేళ ఇల్లు చేరి గీతము మొదలిడెను. ధైవతము రానున్నదని అవ్వకును తెలియును. ఆమె లేచి తలుపుకడకు నడచెను. స్వరము వచ్చినది, నిండుగా, వణకక. ఆమె చేయి తలుపుపైననే యుండెను. గీతము రెండవమారు తిరిగి వచ్చువఱకును తలుపు మూయలేదు.